పాత కారులో ఏసీ: ముందు బానెట్ కింద వేడి సంగతి చూడండి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఎండలు ముదిరేసరికి విజయవాడ ఆటోనగర్‌లోనూ, హైదరాబాద్‌లో పాత బళ్ళు చూసే షెడ్లలోనూ అంబాసిడర్లకు, ప్రీమియర్ పద్మినిలకు ఏసీ పెట్టించే పని జోరందుకుంటుంది. కోరిక న్యాయమైనదే. రెంటచింతల, రామగుండం వైపు మే నెలలో మధ్యాహ్నం పూట ఏసీ లేని కారులో పెద్దవాళ్ళను, పసిపిల్లలను కూర్చోబెట్టి ప్రయాణం చేయడం మంచిది కాదు. కానీ పని జరిగే వరస మాత్రం చాలాచోట్ల తలకిందులుగా ఉంటోంది. గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ బిగిస్తారు, గ్యాస్ ఎక్కిస్తారు, చల్లగాలి వచ్చిందని చూపించి బండి ఇచ్చేస్తారు. పది రోజులకు బండి సిగ్నల్ దగ్గర ఆవిర్లు కక్కుతుంది, లేదా బ్యాటరీ చచ్చిపోతుంది, లేదా కాళ్ళ కింద తివాచీ తడిసి కుళ్ళు వాసన వస్తుంది. ఆ మీదట ‘పాత బండికి ఏసీ పడదు’ అని తీర్పు. పడుతుంది. ఏసీ పెట్టించాలనుకునే మీ పాఠకుల కోసం దాని పద్ధతి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. బండి లోపలి వేడిని తీసుకొచ్చి బయట పారేస్తుంది. ఆ వేడికి కంప్రెసర్ చేసే పని వల్ల పుట్టే వేడి కూడా కలిసి కండెన్సర్ (వేడి గ్యాస్‌ను చల్లబరిచే గొట్టాల జాలి) ద్వారా బయటికి పోవాలి. ఆ కండెన్సర్ ఉండేది రేడియేటర్‌కు ముందు. అంటే బయట 43 డిగ్రీలుంటే రేడియేటర్‌కు అందే గాలి దానికన్నా పది డిగ్రీలైనా ఎక్కువ వేడిగా ఉంటుంది. పైగా ఇంజన్ కంప్రెసర్‌ను తిప్పుతూ ఇంకాస్త ఎక్కువ వేడి పుట్టిస్తుంటుంది. అంబాసిడర్ 1950ల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా, పద్మిని దాదాపు అదే కాలపు ఫియట్ 1100. ఆ రేడియేటర్లు, ఫ్యాన్లు, కరెంటు పుట్టించే డైనమోలు ఏసీని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. అందుకే ముందు రేడియేటర్, తర్వాత కరెంటు, తర్వాత బాడీలో సందులు, అన్నిటికీ చివర కంప్రెసర్. ఈ వరస మారితే డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది.

రేడియేటర్ దగ్గర మొదలుపెడదాం. ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు పోసిన రేడియేటర్‌లో గొట్టాలు సున్నం పట్టి సగం మూసుకుపోయి ఉంటాయి. పైపై ఫ్లషింగ్ సరిపోదు. రాగి–ఇత్తడి రేడియేటర్ కాబట్టి పై ట్యాంకు, కింది ట్యాంకు టాకా (సీసపు అతుకు) విప్పించి, లోపల కడ్డీ పెట్టి శుభ్రం చేయించవచ్చు. కోర్ రెక్కలు వేలితో తాకితే రాలిపోతుంటే కోర్ మార్చడమే మేలు. మూడు వరసల కోర్ ఉన్నచోట నాలుగు వరసలది వేయించండి. పై, కింది ట్యాంకులు పాతవే ఉంచుకోవచ్చు కనుక చూపుకు తేడా తెలియదు. లోపల పోసేది డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపినదై ఉండాలి. మన దగ్గర నీళ్ళు గడ్డకట్టే చలి లేదు కాబట్టి మూడో వంతు కూలెంట్ చాలు. అది తుప్పును, సున్నాన్ని ఆపడానికి. మూత విషయంలో ఒక హెచ్చరిక: ఒక్కో పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఒక పౌను) ఒత్తిడికి నీటి మరుగు స్థానం ఒకటిన్నర డిగ్రీ దాకా పెరుగుతుందని చెప్పి కొందరు కొత్త బండి 15 పీఎస్ఐ మూత పెడతారు. 7 పీఎస్ఐకి చేసిన పాత ట్యాంకు టాకాలు, హీటర్ పైపులు ఆ ఒత్తిడికి విడిపోతాయి. కంపెనీ చెప్పిన మూతే ఉంచండి.

వేడిని బట్టి ఇంజన్ నీటి దారిని తెరిచే థర్మోస్టాట్‌ను పీకేయడం మన మెకానిక్కుల పాత అలవాటు. అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్‌లో థర్మోస్టాట్ తీసేస్తే కొంత నీరు రేడియేటర్ వైపు పోకుండా బైపాస్ దారిలోనే తిరిగి ఇంజన్‌లోకి పోతుంది. చల్లబడాల్సింది ఇంకా వేడెక్కుతుంది. వేడి ప్రాంతాల కోసం 74 డిగ్రీలకు తెరుచుకునేది దొరుకుతుంది. అది పెట్టండి. ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి ఉన్నా, కార్బురేటర్ మిశ్రమం పలచగా ఉన్నా ఇంజన్ ఊరికే వేడెక్కుతుంది. ఈ రెండూ ఏసీ పనికి ముందే సరిచేసుకోవాలి.

ఇక ఫ్యాన్. ఇంజన్ తిప్పే నాలుగు రెక్కల ఫ్యాన్ హైవే మీద సరిపోతుంది, బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర సరిపోదు. రెక్కలు పెంచడం కన్నా ముందు ష్రౌడ్ చేయించండి. రేడియేటర్ వెనక రేకుతో చేసిన తొట్టి లాంటిది, అంతే. ఫ్యాన్ రెక్క సగం ష్రౌడ్ లోపల, సగం బయట ఉండాలి. రెక్క చివరకు, ష్రౌడ్ అంచుకు మధ్య ఇరవై, ఇరవైఅయిదు మిల్లీమీటర్లకు మించి ఖాళీ వద్దు. ఇది లేకపోతే ఫ్యాన్ బానెట్ కింది వేడి గాలినే తిప్పి తిప్పి కొడుతుంది. దీనికి తోడు కండెన్సర్ ముందు ఒక 12 అంగుళాల ఎలక్ట్రిక్ ఫ్యాన్ కావాలి. అది గాలిని ఇంజన్ వైపు నెట్టేది కావాలి. లాగే ఫ్యాన్ తెచ్చి ముందు పెట్టి, వైర్లు తిరగేసి నడిపిస్తారు. రెక్కల వంపు ఒక దిక్కుకే చేసి ఉంటుంది కాబట్టి తిరగేస్తే గాలి బాగా తగ్గిపోతుంది. ఫ్యాన్ చప్పుడు మాత్రం అలాగే వస్తుంది కాబట్టి యజమానికి తెలియదు. ఫ్యాన్ ముందు కాగితం ముక్క పెట్టి ఎటు లాగుతోందో చూసుకోండి.

కండెన్సర్ సన్న గొట్టాల ప్యారలల్ ఫ్లో రకమే తీసుకోవాలి. పాత సర్పాకార రకం ఒకప్పటి ఆర్-12 ఏసీ గ్యాస్‌కు సరిపోయేది. ఇప్పటి గ్యాస్ ఆర్-134ఏకు అది చాలదు. రేడియేటర్ కోర్ పొడవు, వెడల్పు కొలిచి, దాన్ని పూర్తిగా కప్పేంత పెద్దది ఎంచుకోండి. రెండింటి మధ్య ఖాళీ 10 నుంచి 20 మిల్లీమీటర్లు. పక్క సందులను రబ్బరు పట్టీతోనో స్పాంజితోనో మూసేయాలి. లేకపోతే గాలి కష్టమైన దారి వదిలేసి సందుల్లోంచి పోతుంది. ప్లాస్టిక్ ట్యాగులతో కండెన్సర్‌ను రేడియేటర్ రెక్కలకు గుచ్చి కట్టేవాళ్ళున్నారు. కొంత కాలానికి ఆ ట్యాగు ఒరిపిడికి గొట్టం చిల్లు పడుతుంది. రబ్బరు బుష్‌లతో బ్రాకెట్లు వేయించండి.

కరెంటు సంగతి ఇంకా ముఖ్యం. డైనమో ఉన్న బండికి ఏసీ పెట్టకూడదు. లూకాస్ సీ40 డైనమో బాగా తిరిగినప్పుడు ఇచ్చేదే 22 ఆంపియర్లు, ఐడిల్‌లో (బండి ఆగి ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) దాదాపు ఏమీ ఇవ్వదు. లెక్క చూడండి: లోపలికి చల్లగాలి విసిరే బ్లోయర్ పూర్తి వేగంలో 12 ఆంపియర్లు, కండెన్సర్ ఫ్యాన్ 10, కంప్రెసర్‌ను బెల్టు పుల్లీకి కలిపే కరెంటు క్లచ్ 4. అక్కడికే 26. రాత్రి పూట హెడ్‌లైట్లు 10, మిగతా దీపాలు 3, ఇగ్నిషన్ 4. మొత్తం 43. వాన పడితే వైపరు అదనం. కాబట్టి డైనమో బదులు 60–65 ఆంపియర్ల ఆల్టర్నేటర్ ఉండాలి. ఐడిల్‌లో అది కూడా సగమే ఇస్తుంది. తర్వాతి కాలపు బళ్ళలో ఆల్టర్నేటరే ఉంటుంది గానీ దాని మీద రాసిన ఆంపియర్లు చదవండి. 36 అని ఉంటే అదీ చాలదు.

ఆల్టర్నేటర్ పెంచి వైరు పాతదే వదిలేస్తే మంటలకు దారి వేసినట్టే. పాత బళ్ళలో మొత్తం చార్జింగ్ కరెంటు డ్యాష్‌బోర్డులోని ఆమీటర్ గుండా పోతుంది. ఆ మీటర్ 30 ఆంపియర్లది అయితే 50 ఆంపియర్లకు దాని టెర్మినళ్ళు కాలిపోతాయి, అదీ స్టీరింగ్ వెనక. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి నేరుగా 10 చదరపు మిల్లీమీటర్ల కేబుల్, మధ్యలో ఫ్యూజ్ లింకు వేయించండి. ఆమీటర్ బదులు వోల్ట్ మీటర్ పెట్టుకోండి. ఏసీకి విడిగా ఫ్యూజు పెట్టె ఉండాలి: బ్లోయర్‌కు 20, ఫ్యాన్‌కు 20, క్లచ్‌కు 7.5 ఆంపియర్లు. బ్లోయర్, ఫ్యాన్ రెండూ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్చి) ద్వారా నడవాలి. అరవై ఏళ్ళ నాటి స్విచ్చి గుండా 12 ఆంపియర్లు పంపకూడదు.

పాత అంబాసిడర్లు కొన్ని పాజిటివ్ ఎర్త్‌తో ఉంటాయి. అంటే బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉంటుంది. ఇది చూసుకోకుండా ఆల్టర్నేటర్ బిగిస్తే దాని డయోడ్లు క్షణంలో పోతాయి. బ్లోయర్, కండెన్సర్ ఫ్యాన్ వెనక్కి తిరుగుతాయి. క్లచ్ కాయిల్ దానంతటది ఎటు కలిపినా పని చేస్తుంది గానీ, కాయిల్‌కు అడ్డంగా వేసే డయోడ్ షార్ట్ అయి ఫ్యూజు కొట్టేస్తుంది. కాబట్టి ముందే నెగెటివ్ ఎర్త్‌కు మార్చాలి: బ్యాటరీ తిప్పి పెట్టడం, ఇగ్నిషన్ కాయిల్ మీది రెండు సన్న వైర్లు తారుమారు చేయడం, రేడియో ఉంటే తీసేయడం. ఒక పూట పని.

మూడోది, బాడీలో సందులు. దీన్ని ఎవరూ లెక్కచేయరు. ఇంజన్‌కు, మనం కూర్చునే చోటుకు మధ్యనున్న ఫైర్‌వాల్ రేకులో పెడల్ రాడ్లు, కేబుళ్ళు వచ్చే రంధ్రాల్లో రబ్బరు గ్రొమ్మెట్లు ఎండి రాలిపోయి ఉంటాయి. బానెట్ కింది 70, 80 డిగ్రీల గాలి వాటిల్లోంచి నేరుగా కాళ్ళ మీదికి వస్తుంది. ఎంత పెద్ద కంప్రెసర్ పెట్టినా దాన్ని ఓడించలేదు. గ్రొమ్మెట్లు కొత్తవి వేయించి, గేరు లివర్ బూటు, తలుపుల బీడింగ్, అద్దాల కింది రబ్బరు పట్టీలు, పైనుంచి గాలి తెచ్చే వెంట్ మూత అన్నీ సరిచేయించాలి. ఫైర్‌వాల్ లోపలి వైపు, సైలెన్సర్ పైపు పైనున్న ఫ్లోర్, పైకప్పు ఈ మూడు చోట్లా ముందు పలచటి బిటుమెన్ షీటు, దాని మీద 10 మిల్లీమీటర్ల నైట్రైల్ ఫోమ్ అంటిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. నల్ల ఫిల్మ్ అంటించి సరిపెట్టుకుందాం అనుకోవద్దు. అలా అంటించడాన్ని 2012లో సుప్రీంకోర్టు నిషేధించింది. ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలన్నది నిబంధన.

ఇవన్నీ అయ్యాక కంప్రెసర్. అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్ సుమారు 50 హార్స్‌పవర్ ఇస్తుంది. పద్మిని 1089 సీసీ ఇంజన్ అంతకంటే తక్కువ. కంప్రెసర్ వేగాన్ని బట్టి 3 నుంచి 5 హార్స్‌పవర్ తింటుంది. అంబాసిడర్‌కు 138 సీసీ సాండెన్ కంపెనీ రకం, లేదా 108 సీసీది సరిపోతుంది. పద్మినికి 87 నుంచి 108 మించకూడదు. మారుతి 800లో వచ్చే చిన్న కంప్రెసర్ పద్మినికి చక్కగా కుదురుతుంది. పెద్దది పెడితే ఎక్కువ చల్లబడుతుందన్నది భ్రమ. కండెన్సర్ పారేయగలిగినంత వేడే బయటికి పోతుంది. మిగతాది ఒత్తిడిగా మారి బెల్టును, ఇంజన్‌ను తింటుంది. పాత రెండు సిలిండర్ల బరువు కంప్రెసర్లు ఎవరైనా అంటగడితే తీసుకోవద్దు. వాటి కుదుపుకు బ్రాకెట్ వెల్డింగులు పగులుతాయి.

సెకండ్ హ్యాండ్ కంప్రెసర్ తీసుకోవలసి వస్తే నాలుగు చూడండి. మధ్య హబ్‌ను చేత్తో తిప్పితే ఎక్కడా పట్టేయకుండా నున్నగా తిరగాలి. క్లచ్ ప్లేటుకు, పుల్లీకి మధ్య సందు ఫీలర్ గేజితో 0.4 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. అంతకు మించితే వేడెక్కినప్పుడు క్లచ్ పట్టదు. కాయిల్ నిరోధం మీటర్‌లో 3, 4 ఓమ్‌ల మధ్య రావాలి. ఆయిల్ ఒంచి తెల్ల కాగితం మీద పోయండి. నల్లగా, మెరిసే పొడితో ఉంటే ఆ కంప్రెసర్ వద్దు. ఆ పొడే రేపు కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్ వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వును మూసేస్తుంది.

బ్రాకెట్ 8 లేదా 10 మిల్లీమీటర్ల ఇనుప ప్లేటుతో, ఇంజన్ బ్లాకు మీద ఉన్న బోల్టులకే బిగించాలి. ఛాసిస్‌కో, బాడీకో బిగిస్తే ఇంజన్ ఊగినప్పుడల్లా బెల్టు వరస తప్పుతుంది. కనీసం మూడు చోట్ల పట్టు, ఒక అడ్డ బ్రేసు ఉండాలి. క్రాంక్ పుల్లీకి రెండో గాడి కావాలి. లేత్ మీద చేయించిన పుల్లీ అయితే దాన్ని బ్యాలెన్స్ చేయించకుండా బిగించవద్దు. క్రాంక్ పుల్లీ గాడి, కంప్రెసర్ గాడి ఒకే గీత మీద ఉండాలి. నిటారు స్కేలు పెట్టి చూస్తే తేడా 1.5 మిల్లీమీటర్లు దాటకూడదు. బెల్టు తిరగబడటానికి, అంచులు చీలిపోవడానికి నూటికి తొంభై పాళ్ళు ఇదే కారణం. బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కితే 10–12 మిల్లీమీటర్లు దిగాలి. కొత్త బెల్టు సాగుతుంది కనుక మొదటి రెండొందల కిలోమీటర్ల తర్వాత మళ్ళీ బిగించాలి. అంబాసిడర్ ఇంజన్‌లో కార్బురేటర్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఒకే పక్కన ఉంటాయి. కంప్రెసర్, దాని పైపులు ఆ పక్కకు రాకుండా చూసుకోండి.

కంప్రెసర్ ఆన్ అయినప్పుడల్లా ఐడిల్ పడిపోయి బండి ఆగిపోతుంటే మెకానిక్కు ఐడిల్ స్క్రూ తిప్పి పెంచేస్తాడు. అప్పుడు ఏసీ లేనప్పుడు కూడా ఇంజన్ అరుస్తుంది. దానికి బదులు వాక్యూమ్‌తో పనిచేసే ఐడిల్ అప్ డయాఫ్రం ఒకటి, సోలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వు) ఒకటి పెట్టాలి. క్లచ్‌కు కరెంటు వెళ్ళినప్పుడు మాత్రమే థ్రాటిల్‌ను కొద్దిగా లేపి ఇంజన్‌ను నిమిషానికి 850–900 చుట్ల దగ్గర నిలబెడుతుంది. కార్బురేటర్ ఉన్న మారుతి బళ్ళలో ఇలాంటివి ఉండేవి, పాత సామాను దుకాణాల్లో దొరుకుతాయి. ఇంజన్ నీటి వేడి 100 డిగ్రీలు దాటితే క్లచ్ కరెంటు తెంపే స్విచ్చి కూడా పెట్టించండి. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు హెడ్ గ్యాస్కెట్‌ను కాపాడేది అదే.

లోపలి గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ పెట్టె సాధారణంగా డ్యాష్‌బోర్డు కింద, ఎడమ పక్క వేలాడుతుంది. దాన్ని ఇప్పటికే ఉన్న స్క్రూ రంధ్రాలతోనే పట్టించాలి. డ్యాష్ రేకు కోయనివ్వకండి. ఏసీ థర్మోస్టాట్ కేశనాళిక (చలిని పసిగట్టే సన్న గొట్టం) చివర కాయిల్ రెక్కల మధ్యకు మూడు అంగుళాలైనా దిగి ఉండాలి. పైపైన తగిలించి వదిలేస్తే కాయిల్ మంచు కట్టేదాకా కంప్రెసర్ ఆగదు. అప్పుడు గాలి రావడమే ఆగిపోతుంది, యజమాని గ్యాస్ అయిపోయిందనుకుని మళ్ళీ నింపిస్తాడు. పది నిమిషాలు ఏసీ ఆపి బ్లోయర్ నడిపితే గాలి తిరిగి వచ్చిందా, అది మంచే. బల్బు ఉండే ఎక్స్‌పాన్షన్ వాల్వు అయితే ఆ బల్బును కాయిల్ నుంచి వెనక్కి పోయే పైపుకు, పైభాగాన, గట్టిగా బిగించి కార్క్ టేపుతో చుట్టాలి. చుట్టకపోతే బయటి వేడి తగిలి వాల్వు అవసరానికి మించి తెరుచుకుంటుంది.

నీళ్ళు పోయే పైపు గురించి విశాఖ, కాకినాడ వాళ్ళు ప్రత్యేకించి చూసుకోవాలి. కోస్తా ఉక్కపోతలో కాయిల్ మీద గంటకు లీటరు దాకా నీరు చేరవచ్చు. 12 మిల్లీమీటర్ల పైపు ఎక్కడా పైకి లేవకుండా వాలుగా ఫ్లోర్ కిందికి దిగాలి. చివర వెనక్కి చూస్తుండాలి. పని అప్పజెప్పే ముందు కాయిల్ ట్రేలో ఒక లీటరు నీళ్ళు పోయించి, అన్నీ కింద పడ్డాయో లేదో చూడండి. అంబాసిడర్ ఫ్లోర్ తుప్పు పట్టడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

పైపులు మూడు సైజులు: సన్నది కండెన్సర్ నుంచి తేమ పీల్చే డ్రైయర్ మీదుగా కాయిల్‌కు, మధ్యది కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కు, లావుది కాయిల్ నుంచి తిరిగి కంప్రెసర్‌కు. అన్నీ బ్యారియర్ హోస్‌లే కావాలి. మామూలు రబ్బరు గుండా ఆర్-134ఏ మెల్లగా బయటికి ఇంకిపోతుంది. చివర్లు యంత్రం మీద క్రింప్ చేయించాలి. స్క్రూతో బిగించే జూబ్లీ క్లిప్పులు వేస్తే ఒక్క సీజన్ కూడా ఆగవు. ఓ-రింగులు ఆకుపచ్చ హెచ్ఎన్‌బీఆర్ రబ్బరు రకం, బిగించే ముందు కాస్త ఆయిల్ పూయాలి. పైపులు ఎగ్జాస్ట్‌కు చెయ్యెడు దూరంలో ఉండాలి, రేకు గుండా పోయేచోట గ్రొమ్మెట్ తప్పనిసరి. డ్రైయర్ నిటారుగా, బాణం గుర్తు కాయిల్ వైపు చూసేలా, అన్నిటికన్నా చివర బిగించాలి. మూత తీసిన గంటలోనే అది గాలిలోని తేమ పీల్చుకోవడం మొదలుపెడుతుంది. షెడ్డులో రాత్రంతా తెరిచి ఉంచిన డ్రైయర్ పనికిరాదు.

లీకు పరీక్ష విషయంలో ప్రాణాపాయం ఉంది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. ఆక్సిజన్ సిలిండర్‌తో ఒత్తిడి పెట్టకూడదు. ఆక్సిజన్, ఆయిల్ ఒత్తిడిలో కలిస్తే పేలుతుంది. పంక్చర్ షాపు గాలి కూడా వద్దు, అందులో తేమ ఉంటుంది. పొడి నైట్రోజన్ రెగ్యులేటర్‌తో 150 పీఎస్ఐ పెట్టి, ప్రతి జాయింటుకు సబ్బు నురగ రాసి, అరగంట ముల్లు కదలకుండా చూడాలి. తర్వాత వాక్యూమ్ పంపుతో కనీసం 45 నిమిషాలు లాగాలి. ఇక్కడ ఒక స్థానిక వివరం ఉంది. సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న విజయవాడలో గేజి 29 అంగుళాలు (పాదరస మట్టంలో వాక్యూమ్ కొలత) దాటుతుంది. సుమారు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి పంపు ఎంత మంచిదైనా 28 దగ్గరే ఆగుతుంది. అక్కడ 29 రాలేదని లీకు వెతుకుతూ రోజంతా గడిపేవాళ్ళున్నారు. పంపు ఆపాక అరగంట ముల్లు కదలకపోవడమే అసలు పరీక్ష.

గ్యాస్. పాత బళ్ళకు ఒకప్పుడు వాడిన ఆర్-12 ఓజోన్ పొరను తినేది కాబట్టి మాంట్రియల్ ఒప్పందం కింద మన దేశంలో 2010 నాటికి ఆగిపోయింది. ఇప్పుడు వాడాల్సింది ఆర్-134ఏ. పాత ఏసీ ఉన్న బండిని మార్చేటప్పుడు ఆర్-12తో వాడిన మినరల్ ఆయిల్ మొత్తం కడిగేయాలి. అది ఆర్-134ఏలో కరగదు, తిరిగి కంప్రెసర్‌కు రాదు, కంప్రెసర్ ఎండిపోయి పట్టేస్తుంది. పాత అవశేషం ఉంటుందన్న అనుమానం ఉంటే ఎస్టర్ ఆయిల్, అన్నీ కొత్తవైతే కంపెనీ చెప్పిన పీఏజీ రకం సింథటిక్ ఆయిల్ పోయాలి.

చవకగా వస్తుందని వంటగ్యాస్ జాతి హైడ్రోకార్బన్ మిశ్రమాలు ఎక్కించే దుకాణాలు ఉన్నాయి. బాగా చల్లబరుస్తాయి, నిజమే. కానీ కూలింగ్ కాయిల్ ఉండేది బండి లోపల. కాయిల్ చిల్లు పడితే మండే గ్యాస్ అద్దాలు మూసిన గదిలో నిండుతుంది. పక్కనే పాత స్విచ్చిల నిప్పురవ్వలు. ఈ మిశ్రమాలను పాత గ్యాస్ ఒత్తిడికి దగ్గరగా ఉండేలా కలుపుతారు కాబట్టి మీటర్ గేజి చూసి కనిపెట్టలేం. లేబుల్ ఉన్న సీలు సిలిండర్ మీ ముందు తెరిపించడం ఒక్కటే దారి. ఆ సిలిండర్‌నూ ఒక మాటు పరీక్షించవచ్చు: రాత్రంతా నీడలో ఉంచాక 30 డిగ్రీల వద్ద స్వచ్ఛమైన ఆర్-134ఏ ఒత్తిడి 97 పీఎస్ఐ దగ్గర ఉంటుంది. బాగా ఎక్కువ చూపితే అందులో గాలో, ఇంకో గ్యాసో కలిసిందన్నమాట.

నింపేటప్పుడు తూకం వేయాలి. చేతి అంచనా, గాజు కంట్లో (లోపలి గ్యాస్ కనిపించే చిన్న గాజు కిటికీ) బుడగలు చూసి నింపడం ఆర్-12 కాలపు పద్ధతి. ఈ బళ్ళకు 500 నుంచి 700 గ్రాముల మధ్య పడుతుంది. ముందు 450 ఎక్కించి, 50 చొప్పున పెంచుతూ గేజి చూడాలి. ఇంజన్ నడుస్తుండగా సిలిండర్ నిటారుగా, ఆవిరి రూపంలో, లో సైడ్ (కంప్రెసర్‌లోకి వచ్చే తక్కువ ఒత్తిడి వైపు) నుంచే ఎక్కించాలి. హై సైడ్ (కంప్రెసర్ నుంచి పోయే ఎక్కువ ఒత్తిడి వైపు) వాల్వు పొరపాటున తెరిచారంటే కంప్రెసర్ ఒత్తిడి సిలిండర్‌లోకి ఎదురెక్కి అది పేలవచ్చు. ఈ గ్యాస్ మైనస్ 26 డిగ్రీలకు మరుగుతుంది, కంట్లో పడితే చూపు పోతుంది. కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకుండా పని చేయనివ్వకండి.

బయట 40 డిగ్రీలున్న రోజు, ఇంజన్ నిమిషానికి 1500 చుట్ల వేగంలో ఉంచి పది నిమిషాల తర్వాత లో సైడ్ 30–45, హై సైడ్ 230–270 పీఎస్ఐ, మధ్య గ్రిల్లు దగ్గర గాలి 8–12 డిగ్రీలు వస్తే పని బాగా జరిగినట్టు. రెండూ ఎక్కువగా ఉంటే గ్యాస్ ఎక్కువైంది, లేదా కండెన్సర్‌కు గాలి చాలడం లేదు. కండెన్సర్ మీద మగ్గుతో నీళ్ళు పోసి చూడండి. హై సైడ్ చప్పున పడిపోతే గాలి సమస్యే. రెండూ తక్కువైతే గ్యాస్ తక్కువ. లో సైడ్ సున్నా కిందికి పోయి కాసేపటికి మళ్ళీ లేస్తుంటే వాల్వు దగ్గర తేమ గడ్డకడుతోంది, డ్రైయర్ మార్చి మళ్ళీ వాక్యూమ్ చేయాలి. లో ఎక్కువ, హై తక్కువ అయితే కంప్రెసర్ లోపల అరిగింది. ‘ఇంకాస్త ఎక్కించు భయ్యా’ అని యజమానులే అడుగుతుంటారు. ఎక్కువ గ్యాస్ వల్ల చల్లదనం తగ్గుతుంది, పెరగదు. హై సైడ్ ఒత్తిడి 30 పీఎస్ఐకి పడిపోయినా, 400 పీఎస్ఐకి పెరిగినా క్లచ్ ఆపే ప్రెషర్ స్విచ్చి లేకుండా బండి తీసుకోవద్దు.

ఏసీ పెట్టాక వేసవిలో ట్రాఫిక్‌లో బండి దగ్గి ఆగిపోతే అందరూ ఏసీనే తిడతారు. చాలాసార్లు అది పెట్రోల్ పైపులో ఆవిరి. ఇంజన్ పక్కనే ఉన్న మెకానికల్ పంపు అదనపు వేడికి పెట్రోల్‌ను ఆవిరి చేస్తుంది. ఇప్పటి 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌తో ఈ బాధ ఇంకా తొందరగా వస్తుంది, పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రంలు కూడా ఉబ్బి చీలతాయి. పంపు, కార్బురేటర్‌లకు ఎగ్జాస్ట్ వైపు అల్యూమినియం రేకు అడ్డం, పెట్రోల్ పైపుకు వేడి తగలని తొడుగు, ఇథనాల్‌కు తట్టుకునే పైపులు. ఇవి ఏసీ పనిలో భాగంగానే చేయించేయండి.

చట్టం వైపు రెండు మాటలు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బళ్ళకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదన్నది షరతు. ఏసీ కోసం గ్రిల్లు కోయడం, రేడియేటర్ ముందు రేకు పలకలు తీసేయడం, ఫైర్‌వాల్‌లో పెద్ద రంధ్రాలు చేయడం అందుకే వద్దంటున్నాను. బోల్టులతో బిగించినది బోల్టులతోనే విప్పి పాత స్థితికి తేగలిగేలా ఉండాలి. విప్పిన డైనమో, పుల్లీ, ఆమీటర్, రేడియేటర్ మూత పారేయకుండా ఆయిల్ రాసి కట్టి ఉంచుకోండి. బీమాలో ఈ ఏసీని కంపెనీ అమర్చని ఎలక్ట్రికల్ వస్తువుగా చూపించాలి. దాని విలువను బట్టి అదనపు ప్రీమియం ఉంటుంది. చూపించకపోతే ప్రమాదంలో ఏసీ పోయినా పైసా రాదు.

షెడ్డుల వాళ్ళకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. పని పూర్తయ్యాక బానెట్ లోపల ఒక చిన్న రేకు పలక మీద గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములు, ఏ ఆయిల్, ఎన్ని మిల్లీలీటర్లు, ఏ తేదీ అని రాసి అతికించండి, బిల్లు మీదా అదే రాయండి. కొత్త కార్లలో ఇలాంటి లేబుల్ ఉంటుంది, పాత బండికి అది మనమే పెట్టాలి. రెండేళ్ళ తర్వాత బండి ఇంకో ఊళ్ళో ఆగితే, అక్కడి మెకానిక్కు ఏ సిలిండర్ తగిలించాలో దాన్ని చూసే తెలుసుకుంటాడు. యజమానులు శీతాకాలంలోనూ వారానికి ఒకసారి పది నిమిషాలు ఏసీ నడపండి. లేకపోతే కంప్రెసర్ షాఫ్ట్ సీలుకు ఆయిల్ అందక ఎండిపోయి, వేసవి వచ్చేసరికి గ్యాస్ మొత్తం అక్కడినుంచే పోతుంది.

ఇట్లు,
పాత కార్ల ఏసీ పని తెలిసిన ఒక పాఠకుడు,
విజయవాడ